అల్పప్రాణి ఋణము

ధర్మము మిక్కిలి సూక్ష్మమైనది. పెద్ద విషయములలో ధర్మాధర్మములను వేరుపరచుట కొంత సులభము. చిన్న విషయములలోనే బుద్ధి తడబడును. తెల్లవారుజామున వాకిట కల్లాపి చల్లి బియ్యపుపిండితో ముగ్గు పెట్టు ఇల్లాలు, ఆ పిండి చీమలకు ఆహారమగునని యెరిగియే పెట్టును. ఆ యింటనే పసిబిడ్డకు జ్వరము తగిలినచో ఆ తల్లియే బిడ్డను చంకనెత్తుకొని వైద్యుని కడకు పరుగెత్తును. వైద్యుడిచ్చు మందు వెనుక, వేయు టీకా వెనుక, ఎచ్చటనో ఒక ప్రయోగశాలలో అల్పప్రాణులు తమ రక్తమును, పెక్కుమార్లు ప్రాణమును సమర్పించియుండును. చీమకు పిండి పెట్టిన చేయియే ఆ మందును అందుకొనుచున్నది. ఈ రెండు పనులును ఒకే ధర్మమునందు ఇముడునా? ఒక జీవుని వ్యాధి మాన్పుటకై మరియొక జీవుని బాధించుట తగునా? భగవద్భక్తులగు గృహస్థులు ఒకనాడు కాకున్న నొకనాడైనను ఎదుర్కొనవలసిన ప్రశ్న యిది.

ప్రశ్నను గాలిలో నిలిపి తర్కించుట కంటె, నిజముగ జరిగిన యొక కార్యమును ముందుంచుకొని పరిశీలించుట మేలు. చిట్టెలుక రక్తమునుండి దేహరక్షక కణములను ప్రయోగశాలలో పెంచిన వృత్తాంతము అందులకు మిక్కిలి అనువైనది.

దేహమందలి దూతలు

మానవదేహమున తెల్లకణములనునవి రోగక్రిములతో పోరు సలుపునని అందరు నెరిగినదే. కాని సైన్యమున్నంత మాత్రమున యుద్ధము సాగదు. శత్రువెవ్వడో, ఎచ్చటనున్నాడో తెలిపెడి దూత కావలెను. లంకనుండి హనుమంతుడు సీతమ్మవారి చూడామణిని ఆనవాలుగ తెచ్చి శ్రీరామచంద్రుని చేతనుంచిన పిమ్మటనే వానరసేన కదలినది. దేహమునందును అట్టి దూతలు కలరు. చర్మము క్రిందను, శ్వాసనాళముల గోడలయందును కాచుకొని యుండి, చొచ్చుకొనివచ్చిన క్రిమిని పట్టి, దాని శకలమొకదానిని ఆనవాలుగ మోసికొని, సమీపముననున్న గ్రంథులకు చేరి, అచ్చటి యోధకణములకు చూపును. ఆ ఆనవాలు చూచిన మీదటనే సేన మేల్కాంచును. చెట్టు కొమ్మలవలె నలుదెసల చాచిన చేతులుండుటచే వీనికి డెండ్రిటిక్ కణములని పేరు వచ్చినది.

ఈ కణములను 1973వ సంవత్సరమున అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ అను శాస్త్రజ్ఞులు చిట్టెలుక ప్లీహమునందు గుర్తించి ప్రకటించిరి. అందున్న కణములలో ఇవి నూటికి ఒకటి రెండు మాత్రమే. ఇంత స్వల్పముగ దొరకువానిని పరీక్షించుటకై ఎన్నియో ఎలుకల ప్లీహములు కావలసివచ్చెడివి. ప్లీహమును తీయుటయన్న ఎలుకను చంపుటయే.

1992లో జపానుదేశపు క్యోటో విశ్వవిద్యాలయమునందలి కాయో ఇనాబా అను విదుషీమణి, స్టైన్‌మన్ మొదలగు వారితో కలిసి ఒక నూతనవిషయమును వెల్లడించెను. ఈ దూతకణములకు మూలమైన బీజకణములు చిట్టెలుక రక్తమునందే సంచరించుచున్నవి. రక్తమునుండి తెల్లకణములను వేరుచేసి, పోషకద్రవమునందుంచి, దేహపు వెచ్చదనమునకు సమానమగు 37 డిగ్రీల వేడిమిలో, కొలత ప్రకారము బొగ్గుపులుసు వాయువు కలిపిన గాలిలో కాపాడి, జి.ఎం.–సి.ఎస్.ఎఫ్. అను ప్రేరకపదార్థమును చేర్చినచో, ఆ బీజకణములు గుంపులు గుంపులుగ పెరుగును. కొన్ని దినములకు ఆ గుంపుల అంచులనుండి కొమ్మలు చాచిన దూతకణములు విడివడును. వీనిని తిరిగి ఎలుక దేహమున ప్రవేశపెట్టగా అవి దారి తప్పక గ్రంథులకు చేరి తమ విధిని నిర్వర్తించినవి. ఆ సంవత్సరముననే ఆ బృందమువారు ఎముకల మూలుగనుండి మరింత విస్తారముగ ఈ కణములను పెంచు విధానమును గూడ ప్రకటించిరి. మూలుగను తీయుటకును ఎలుక ప్రాణము పోవలసినదే.

చిట్టెలుక తూకము ఇరువది, ఇరువదియైదు గ్రాములు. దాని దేహమందలి రక్తమంతయు కలిపినను రెండు మిల్లీలీటర్లకు మించదు. తీర్థమిచ్చు ఉద్ధరిణి నిండునో లేదో! అందులో పదవవంతు తీసినచో ఆ ప్రాణి బ్రతికి తిరిగి కోలుకొనును. అంతకు మిక్కిలిగ కావలెనన్నచో మత్తునిచ్చి రక్తమంతయు తీయుదురు. ఆ నిద్రనుండి అది మరల మేలుకొనదు.

ఫలమెట్టిది?

ఇట్టి కార్యమునకు ఫలమేమని అడుగుట న్యాయము. 1994లో సల్లుస్టో, లాంజవెక్కియా అను ఇరువురు శాస్త్రజ్ఞులు మానవరక్తమందలి కణములనుండియే ఈ దూతలను పెంచు విధమును చూపిరి. 2010లో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ, ప్రోస్టేట్ గ్రంథికి సోకిన క్యాన్సరుకు రోగి స్వరక్తకణములతోనే సిద్ధము చేయు చికిత్స నొకదానిని అంగీకరించెను. దానివలన రోగుల ఆయువు సుమారు నాలుగు మాసములు పెరిగినట్లు పరీక్షలలో తేలినది. నాలుగు మాసములు స్వల్పమని ఆరోగ్యవంతుడు తలచవచ్చును. మనుమరాలి పెండ్లి చూడదలచిన వృద్ధునకు అది స్వల్పము కాదు.

స్టైన్‌మన్‌కే 2007లో క్లోమమునకు క్యాన్సరు సోకినది. తాను కనుగొన్న కణములతో చేసిన చికిత్సలను ఆయన ఇతర చికిత్సలతోపాటు తన దేహముపైననే ప్రయోగింపజేసికొనెను. నాలుగేండ్లకు పైగా జీవించి, 2011 సెప్టెంబరు 30వ తేదీన పరమపదించెను. మూడు దినములు గడచిన పిమ్మట ఆయనకు నోబెల్ బహుమానము ప్రకటింపబడినది. ఆయన మరణవార్త ఎరుగకయే ఆ నిర్ణయము జరిగినందున బహుమానమును నిలిపియుంచిరి. ఆ కీర్తి వెనుక పేరు లేని చిట్టెలుకలు ఎన్నియో కలవు. వానికి బహుమానము లేదు, ప్రకటన లేదు.

యజ్ఞపశువుల నిరీక్షణ

ఇచ్చట మొదట వినవచ్చు సమాధానమిది: కార్యము లోకకల్యాణార్థము గావున అందులోని హింస హింస కాదు. ఇది క్రొత్త వాదము కాదు. శ్రీమద్భాగవతము నాల్గవ స్కంధమున ప్రాచీనబర్హి మహారాజు కథ కలదు. ఆ రాజు చేసిన యజ్ఞములకు లెక్కలేదు. పరచిన దర్భలతో భూమి నిండిపోయినదట. అవి యన్నియు శాస్త్రోక్తములు, ఫలాపేక్షతో చేసినను లోకముచే శ్లాఘింపబడినవి. అయినను నారదమహర్షి వచ్చి ఆయనకు ఆకాశమున ఒక దృశ్యమును చూపెను. యజ్ఞములందు చంపబడిన పశువులు గుంపులుగ నిలిచి, తాము పడిన బాధను స్మరించుచు, ఇనుపకొమ్ములతో ఆయన రాకకై ఎదురుచూచుచున్నవి. రాజు నివ్వెరపోయెను. యజ్ఞము యొక్క గొప్పతనము పశువు బాధను రద్దుచేయలేదు. పుణ్యము పుణ్యము పద్దున, ఋణము ఋణము పద్దున వేర్వేరుగ నిలిచినవి.

ఈ కథ బోధించునది స్పష్టము. ఫలము గొప్పదైనంత మాత్రమున చేసిన హింస లేనిదగుట లేదు. వ్యాధి మానిన రోగి ఆనందమును, సూదిపోటు తిన్న ఎలుక వేదనను ఒకే తక్కెడలో తూచి, ఇది బరువు గావున అది లేదనుట సరియైన లెక్క కాదు. తక్కెడ మొగ్గినను రెండవ పళ్లెములోని వస్తువు మాయము కాదు.

రెండవ సమాధానము: ఎలుక అల్పప్రాణి, దానికేమి తెలియును? శ్రీమద్రామానుజుల సిద్ధాంతమున చేతనాచేతనములన్నియు శ్రీమన్నారాయణుని శరీరము. జీవులందరును జ్ఞానస్వరూపులు. దేహభేదము కర్మవశమున వచ్చినదే గాని స్వరూపమున హెచ్చుతగ్గులు లేవు. ఏనుగునందున్న జీవుడును, ఎలుకయందున్న జీవుడును ఆ స్వామికి సమముగ శేషభూతులే. అంతర్యామి దేహపు కొలతను బట్టి కుంచించుకొనువాడు కాడు. కావున అల్పమనునది దేహమునకే గాని దేహికి చెల్లదు.

మహాభారతమున మాండవ్యమహర్షి వృత్తాంతము ఈ సందర్భమున స్మరింపదగినది. చేయని దొంగతనమునకు శూలముపై నెక్కింపబడిన ఆ మహర్షి యమధర్మరాజును కారణమడుగగా, బాల్యమున కీటకములను పుల్లతో గుచ్చిన ఫలమని సమాధానము వచ్చెను. శిక్ష మితిమీరినదని మహర్షి ఆగ్రహించి, తెలియని వయసున చేసినది పాపము కాకుండుగాక యని హద్దు నేర్పరచి, యముని శపించెను. ఆ యముడే విదురుడై జన్మించెను. ఈ కథలో రెండు నీతులు కలవు. ఒకటి, గుచ్చబడిన కీటకము సైతము ధర్మదేవత లెక్కలో చేరినది. రెండవది, తెలియనితనమే క్షమకు ఆధారము. పసివాడు తెలియక గుచ్చెను. ప్రయోగశాలలో సూది పట్టినవాడు బాధ యనగా నేమో తెలిసినవాడు. మత్తుమందు ఉపయోగించుటయే అతడు బాధను ఎరుగుననుటకు సాక్ష్యము. కావున మాండవ్యుడు బాలునికి తెచ్చిన క్షమ అతనికి చెల్లదు. అతడు మరియొక విధమున సమాధానము చెప్పుకొనవలెను.

గృహమునందలి ఐదు హింసాస్థానములు

అట్లయిన ఈ విద్యనంతయు విడిచివేయుటయే ధర్మమని కొందరందురు. ఈ మాట వినుటకు పవిత్రముగ నున్నను ఆచరణమున నిలువదు. టీకా వేయించుకొని, మందు మ్రింగి, శస్త్రచికిత్స చేయించుకొని, ఆ విద్య సంపాదించినవానిని మాత్రము క్రూరుడని నిందించువాడు తన వంతు హింసను ఇతరుని నెత్తిన పెట్టి తాను చేతులు కడుగుకొనుచున్నాడు. ఇక చికిత్సను సైతము విడుతుమన్నచో, మంచముపైనున్న బిడ్డ పట్ల చూపవలసిన దయ ఏమగును? కాపాడగలిగియు కాపాడకుండుట గూడ ఒక విధమగు హింసయే.

పూర్వులీ చిక్కును ఎరుగనివారు కారు. గృహస్థుని యింట ఐదు హింసాస్థానములు కలవని ధర్మశాస్త్రములు గుర్తించినవి. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. ఈ ఐదింట నిత్యము సూక్ష్మప్రాణులు నశించును. అందులకై పొయ్యి నార్పుమని శాస్త్రము చెప్పలేదు. హింస లేదని బుకాయింపుమనియు చెప్పలేదు. దోషమును ఒప్పుకొని, పంచమహాయజ్ఞములతో దినదినము దానిని తీర్చుకొనుమని విధించెను. అందు భూతయజ్ఞమొకటి. వండిన అన్నమునుండి ప్రాణులకు బలిభాగము వేయుట. తాను ఎవరికి ఋణపడియున్నాడో వారిజాతికే కొంత తిరిగి యిచ్చుట అందలి అంతరార్థము.

అయితే ఇచ్చట ఒక భేదమును మరువరాదు. చీపురు క్రింద చీమ చచ్చుట కోరి చేసినది కాదు. ప్రయోగశాలలో ఎలుకను కోరి పెంచి, కోరి పట్టి, కోరి సూది గుచ్చుదురు. కోరి చేసిన పనికి బాధ్యత మిక్కుటము. పంచసూనల దృష్టాంతము ఋణమును ఒప్పుకొను విధమును నేర్పును గాని హింసకు అనుమతిపత్రము నీయదు.

మిథిలలోని ధర్మవ్యాధుడు కౌశికునకు చేసిన ఉపదేశము ఈ భేదమును పూరించును. నాగలి సాగినప్పుడు, నడచినప్పుడు, కూర్చున్నప్పుడు సైతము ప్రాణులు నశించుననియు, లోకమున పూర్ణముగ హింస లేనివాడు దుర్లభుడనియు ఆయన చెప్పెను. అంతటితో ఆగలేదు. ప్రయత్నముచే దానిని తగ్గించుకొనువాడే శ్రేష్ఠుడని సూచించెను. హింస తప్పదనుట వేరు, తప్పదు గావున ఎంతైనను చేయవచ్చుననుట వేరు. మొదటిది సత్యము, రెండవది సోమరితనము.

పళ్లెములోని మరుగు హింస

ఈ సోమరితనము ఎట్లు దాగియుండునో చూపుటకు కణపోషణ విద్యయే మంచి ఉదాహరణము. కణములను గాజు పళ్లెములలోను, ప్లాస్టిక్ పళ్లెములలోను పెంచుటచే జంతువులపై హింస తగ్గినదని సాధారణముగ చెప్పుకొందురు. అందు సత్యము కలదు. ఒక్క ఎలుకనుండి గ్రహించిన కణములు పళ్లెమున పెరిగి, అంతకుముందు పెక్కు ఎలుకలు చేయవలసిన పనిని నెరవేర్చును. కాని ఆ కణములు ఉత్త నీటిలో పెరుగవు. చిరకాలముగ వాని పోషకద్రవములో కలుపుచున్న పదార్థము, గర్భస్థమగు లేగదూడ రక్తమునుండి తీసిన రసి. మాంసముకై వధింపబడిన ఆవు చూలుతో నున్నచో, ఆ గర్భమందలి దూడ రక్తమును సేకరించి దీనిని సిద్ధము చేయుదురు. గోమాతను పూజించు గృహమునందలి విద్యార్థి ఈ రసిని సీసానుండి పీల్చి పళ్లెమున వేయునప్పుడు, ఆ సీసాపైనున్న పేరు చదివి యొక క్షణమైనను నిలువకున్నచో, అతని హృదయము అలవాటునకు లోబడినదని గ్రహింపవలెను.

నిలిచి ఆలోచించినవారు లేకపోలేదు. దూడ రసి అక్కరలేని పోషకద్రవములు అనేక విధముల కణములకు సిద్ధమైనవి. మానవ రక్తఫలకికలనుండి తీసిన ద్రవమును కొన్ని చోట్ల వాడుచున్నారు. అన్ని కార్యములకు ఇవి చాలవు, వెల గూడ హెచ్చు. అయినను చాలినచోట వానిని వాడక, పూర్వాచారమని దూడ రసినే వాడుటకు సమర్థన ఏమున్నది? మరియొక దారియున్నదని తెలిసిన నాటినుండి పాతదారి అనివార్యమనిపించుకొనదు.

ఈ ఆలోచననే 1959లో ఇంగ్లండున రస్సెల్, బర్చ్ అను ఇరువురు గ్రంథరూపమున మూడు సూత్రములుగ కూర్చిరి. ప్రాణి లేకయే పని జరుగునేమో చూడుము. జరుగకున్న వాని సంఖ్య తగ్గింపుము. తగ్గించిన పిమ్మట వాని బాధను తగ్గింపుము. ధర్మవ్యాధుని మాటకు ఇది ప్రయోగశాల భాష్యమనదగును. భారతదేశమున రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలించి 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. వీలైనంతవరకు జంతువులపై ప్రయోగములు మానవలెననియు, శస్త్రముతో కూడిన వానియందు మత్తు నీయవలెననియు, కేవలము చేతివాటము నేర్చుటకై ప్రయోగములు చేయరాదనియు ఆ చట్టము ఆదేశించుచున్నది. 2014లో అలంకరణ ద్రవ్యములను జంతువులపై పరీక్షించుట నిషేధింపబడినది. 2023లో క్రొత్త మందుల పరీక్షయందు జంతువులకు బదులు ఇతర విధానములకు నియమములలో చోటు కల్పింపబడినది. ముఖమునకు పూసికొను పూతకై ప్రాణిని బాధించుటకును, ప్రాణాపాయమున నున్నవానికై బాధించుటకును గల భేదమును రాజశాసనము సైతము గుర్తించినది.

ఋణము తీర్చు విధము

జపానుదేశమున అనేక విశ్వవిద్యాలయములందు, వైద్యకళాశాలలందు ఏటేట ఒకనాడు ప్రయోగములలో మరణించిన జంతువుల స్మృత్యర్థము సభ జరుపుదురు. ఆచార్యులు, విద్యార్థులు, పంజరములను శుభ్రపరచు పనివారు అందరును చేరి, పూవులుంచి, మౌనముగ తలవంచుదురు. దానివలన చచ్చిన ఎలుక తిరిగి రాదు. కాని తలవంచిన చేయి మరునాడు సూది పట్టునప్పుడు, ఇది నా హక్కు అని పట్టదు. ఋణము చేయుచున్నానని పట్టును. ఈ రెండింటి నడుమ నున్న అంతరమే ఇచ్చటి ధర్మరహస్యము. హక్కు అనుకొన్నవాడు లెక్కవేయడు. ఋణమనుకొన్నవాడు ప్రతి బొట్టుకును లెక్క వ్రాసికొనును; పది ఎలుకలతో తీరుపనికి పదునొకటవదానిని తాకడు; అక్కర తీరగనే అప్పు చేయుట మానును.

కావున మొదటి ప్రశ్నకు ఇట్లు సమాధానము చెప్పవచ్చును. ప్రాణరక్షణకు అవసరమై, మరియొక దారి లేక, సంఖ్యను, బాధను వీలైనంత తగ్గించి, ఋణభావముతో చేసినచో ఆ కార్యము సహింపదగినది. సహింపదగినదే గాని గర్వింపదగినది కాదు. ఈ నాలుగింట ఏ యొక్కటి లోపించినను అది లోకకల్యాణమను పేరు పెట్టుకొన్న క్రౌర్యమే యగును.

ప్రయోగశాల ముఖము చూడని గృహస్థునకు ఇందు పాత్ర లేదనుకొనరాదు. మందు త్రాగినవాడు ఋణస్థుడే. ఉచితముగ వచ్చినదని టీకాను నిర్లక్ష్యము చేయుట, వైద్యుడు చెప్పిన మందును సగములో విడిచి పారవేయుట, అక్కరలేని మందును ఆడంబరమునకై మ్రింగుట, ఇవన్నియు ఎవరి రక్తముతోనో సంపాదించిన ధనమును వ్యర్థము చేయుటయే. శిబిచక్రవర్తి పావురమును కాచుటకై డేగకు మరియొక ప్రాణిని చూపలేదు, తన దేహమునే కోసి తూచెను. నేడు ఆ మార్గమున అడుగిడుటకు గృహస్థునకు అవకాశము కలదు. ఆరోగ్యవంతులిచ్చు రక్తము రోగులను బ్రతికించుచున్నది. మానవకణములతోనే పరిశోధన సాగుటకు గూడ దాతల రక్తము తోడ్పడుచున్నది. మానవుడు తన రక్తమునిచ్చిన కొలది మూగప్రాణి రక్తముపై ఆధారపడవలసిన పని కొంతకు కొంత తగ్గును. వాకిట ముగ్గుపిండితో మొదలిడిన భూతయజ్ఞము ఈ విధముగ విస్తరింపగలదు.

సప్తగిరుల నధిష్ఠించి సర్వజీవులను కాపాడు స్వామి, దర్శనమునకు వచ్చిన భక్తుని హృదయమునందును, పంజరమందలి చిట్టెలుక హృదయమునందును ఒకే విధముగ కొలువైయున్నాడు. సన్నిధిలో చేతులు జోడించి ఆరోగ్యమును వేడుకొను భక్తుడు, ఆ ఆరోగ్యమును తనకు అందించిన అల్పప్రాణిని గూడ ఆ క్షణమున స్మరించినచో, ఆ ప్రార్థన సంపూర్ణమగును.